చెప్పుల మేకులు చెప్పిన యుద్ధం

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇటు పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఈ సాయంత్రం నేను మాట్లాడేది జర్మనీలో ఉన్న ఒక మ్యూజియం గురించి. ఊరి పేరు కాల్‌క్రీజ. ఓస్నాబ్రుక్ అనే పట్టణానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంటుంది. క్రీ.శ. 9లో ఒక రోమన్ సైన్యం ఆ ప్రాంతంలో తుడిచిపెట్టుకుపోయింది. ఆ నేల మీదే మ్యూజియం కట్టారు. దాని గురించి గుంటూరులో ఎందుకంటారేమో, ఇక్కణ్ణుంచి బస్సెక్కితే ఒక పూటలో చేరిపోయే దూరంలో మనకీ ఒక యుద్ధభూమి ఉంది, కారెంపూడి. పల్నాటి వీరుల కథ వినని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉండదు. ఆ కథ జరిగిన నేలను మనం ఎలా చూసుకోవాలి అన్నదే నా అసలు విషయం. మా అమ్మాయి జర్మనీలో చదువుకునే రోజుల్లో ఈ కాల్‌క్రీజ చూడటం కుదిరింది, అప్పట్నుంచీ ఈ ఆలోచన నన్ను వదల్లేదు.

ముందు యుద్ధం సంగతి చెప్పాలి, లేకపోతే మ్యూజియం అర్థం కాదు.

రోమన్లు రైన్ నది దాటి జర్మన్ తెగల భూముల్లోకి బాగా చొచ్చుకొచ్చిన రోజులవి. చక్రవర్తి అగస్టస్ అక్కడికి గవర్నరుగా వారుస్ అనే ఆయన్ని పంపాడు. పన్నులు వసూలు చెయ్యడం, కోర్టులు పెట్టి తీర్పులు చెప్పడం ఆయన పని. ఆయన దగ్గర అర్మీనియస్ అని ఒక యువకుడు ఉండేవాడు. చెరుస్కి అనే తెగ నాయకుడి కొడుకు. రోమన్ సైన్యంలో పనిచేశాడు, రోమన్ పౌరసత్వం ఉంది, వాళ్ల సమాజంలో మంచి హోదా కూడా ఇచ్చారు. వారుస్ పక్కన కూర్చుని భోంచేసేంత చనువు. అదే తెగకు చెందిన సెగెస్టెస్ అనే పెద్దమనిషి, ఇతన్ని నమ్మొద్దు, సంకెళ్లు వెయ్యండి అని మొత్తుకున్నా వారుస్ చెవిన పెట్టలేదు. చలికాలం మకాముకి సైన్యం తిరిగి వెళ్తుంటే, ఎక్కడో తిరుగుబాటు లేచిందని కబురొచ్చింది, దాన్ని అణచడానికని తెలియని దారి పట్టారు. 17, 18, 19 నంబర్ల మూడు లీజియన్లు, అంటే రోమన్ సైన్యంలో వేల మంది ఉండే పెద్ద దళాలు, వాటితో గుర్రపు దళాలు, తోడు పటాలాలు, సామాను బండ్లు, పనివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. చనిపోయినవాళ్లు 15 నుంచి 20 వేల మంది ఉంటారని అంచనా. ఇరుకు దారిలో అంత మంది నడిస్తే బారు కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది, ముందున్నవాడికి ఏమైందో వెనకున్నవాడికి తెలియదు. పైగా వాన, గాలి. అప్పుడు అడవిలోంచి దాడి మొదలైంది, కొన్ని రోజులు నడిచింది. చివరికి వారుస్ తన కత్తి మీద తానే పడి ప్రాణం తీసుకున్నాడు. ఈ కబురు తెలిశాక అగస్టస్ నెలల తరబడి గడ్డం తీయించుకోలేదనీ, తల తలుపుకేసి బాదుకుంటూ, వారుస్, నా లీజియన్లు నాకు తిరిగివ్వు అని అరిచేవాడనీ సుటోనియస్ అనే రోమన్ రచయిత రాశాడు. ఆ మూడు నంబర్లను రోమన్లు మళ్లీ ఏ లీజియన్‌కీ పెట్టలేదు.

ఇంత పెద్ద యుద్ధం. ఎక్కడ జరిగిందో మాత్రం జనం మర్చిపోయారు.

టాసిటస్ అనే చరిత్రకారుడు ఒక అడవి పేరు చెప్పాడు, అంతే. ఆ రాతప్రతి మఠాల్లో మరుగున పడి, 16వ శతాబ్దంలో మళ్లీ బయటికొచ్చింది. అప్పట్నుంచీ, మా ఊరి దగ్గరంటే మా ఊరి దగ్గరని వందల కొద్దీ ప్రతిపాదనలు. 1885లో థియోడర్ మామ్సెన్ అనే పెద్ద పండితుడు, కాల్‌క్రీజ పక్కన ఒక జమీందారు ఎస్టేట్‌లో దొరుకుతూ వచ్చిన రోమన్ నాణేలు చూసి, ఇక్కడే జరిగి ఉంటుంది అన్నాడు. నాణేలు వర్తకుడు పారేసుకున్నా దొరుకుతాయి కదా అని మిగతావాళ్లు కొట్టిపారేశారు. వందేళ్లు అలాగే గడిచిపోయింది.

1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ ఆర్మీ అధికారి ఓస్నాబ్రుక్‌లో పోస్టింగ్‌లో ఉన్నాడు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని పాత నాణేలు వెతకడం ఆయనకు సరదా. ఇక్కడ ఒక విషయం గమనించండి, ఆయన నేరుగా పొలాల్లోకి వెళ్లి తవ్వుకోలేదు. ముందు ఆ జిల్లా పురావస్తు అధికారి వోల్ఫ్‌గాంగ్ ష్లూటర్ దగ్గరికి వెళ్లి, నేనెక్కడ వెతకొచ్చు అని అడిగాడు. ష్లూటర్ పాత మ్యాపులు, మామ్సెన్ చెప్పిన నాణేల వివరాలు ముందు పెట్టి, కాల్‌క్రీజ వైపు చూడమన్నాడు. క్లన్‌కి నూటికి పైగా వెండి నాణేలు దొరికాయి, ప్రతి ఒక్కటీ ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టి అప్పగించాడు. ఆ మరుసటి సంవత్సరం మూడు సీసపు ముక్కలు దొరికాయి. చూడ్డానికి ఏమీ ఉండవు, ఈత కాయంత ఉంటాయి. అవి వడిసెలతో విసిరే గుళ్లు. వెండి నాణెం వర్తకుడి మూటలోంచి జారి ఉండొచ్చు, సీసపు వడిసెల గుండు మాత్రం సైన్యం దగ్గరే ఉంటుంది. కేసు అక్కడ మలుపు తిరిగింది. 1989 నుంచి తవ్వకాలు మొదలయ్యాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఆ మట్టి సంగతి. అక్కడి రైతులు మధ్యయుగాల్లో పొలానికి బలం రావడానికి ఏం చేసేవాళ్లంటే, బీడు భూముల్లోంచి గడ్డీ వేర్లతో సహా మట్టి పెళ్లలు కోసుకొచ్చి పశువుల కొట్టంలో పరిచేవాళ్లు. పేడా మూత్రం పట్టాక దాన్ని పొలానికి తోలేవాళ్లు. మనం ఎండాకాలంలో చెరువు మట్టి తోలుకోవడం లాంటిదే, కాకపోతే వాళ్లు తరాల తరబడి మానకుండా తోలారు. దాంతో పొలం ఎత్తు పెరిగింది, కొన్ని చోట్ల మీటరు దాకా. ఆ మందపాటి మట్టి కింద పాత నేల, దాని మీద పడ్డ వస్తువులు, నాగలి కర్రు అందకుండా భద్రంగా ఉండిపోయాయి. ఆ రైతులకు కింద ఏముందో తెలియదు. వాళ్ల కష్టం వల్లే ఈరోజు మ్యూజియం ఉంది.

ఏం దొరికాయి? చాలామంది కత్తులు, డాళ్లు, బంగారం అనుకుంటారు. యుద్ధం అయ్యాక గెలిచినవాళ్లు తీరిగ్గా శవాల్ని దోచుకున్నారు, పనికొచ్చేదల్లా పట్టుకుపోయారు. మిగిలినవి చిన్నవి, విరిగినవి, కంటపడనివి. సైనికుల చెప్పుల అడుగున కొట్టే ఇనప మేకులు, బెల్టు బకిళ్లు, బట్టకు పెట్టే పిన్నులు, మైనపు పలక మీద రాసే గంటాలు, తాళంచెవి, వైద్యుడి పనిముట్లు. ఇవి వేలల్లో ఉన్నాయి. గంటాలు ఉన్నాయంటే లెక్కలు రాసేవాళ్లు ఉన్నారని, వైద్యుడి పనిముట్లు ఉన్నాయంటే గాయాలకు కట్టుకట్టేవాళ్లు ఉన్నారని. మొత్తం కదిలే ఊరు ఒకటి అక్కడ కూలిపోయింది.

ఒక ఇనప ముఖ కవచం దొరికింది, గుర్రపు రౌతు ముఖానికి పెట్టుకునేది. కళ్ల దగ్గర, నోటి దగ్గర చీలికలు, ముక్కు కోటేరేసినట్టు ఉంటుంది. ఒకప్పుడు దాని మీద వెండి రేకు తొడుగు ఉండేది, ఎవరో ఆ రేకు చీల్చుకుని ఇనుము పారేశారు. అంచుల దగ్గర పట్టీ కింద ఇరుక్కున్న వెండి ఇంకా కనపడుతుంది. అద్దం పెట్టెకి ముఖం ఆనించి చూస్తే ఆ అంచు స్పష్టంగా తెలుస్తుంది, లాగినవాడి తొందర కూడా తెలుస్తుంది.

ఇంకొకటి కంచర గాడిద. సామాను మోసే జంతువు. యుద్ధం నాటి మట్టి కట్ట ఒకటి అక్కడ ఉండేది, అది కూలి దాని మీద పడటంతో ఎముకలు చెదరకుండా ఉన్నాయి. మెడలో గంట ఉంది. ఆ గంట లోపల గడ్డి కుక్కి ఉంది. ఎందుకు? చప్పుడు కాకుండా. తోలుకెళ్తున్న మనిషి, శత్రువుకి వినపడకూడదని నడుస్తూ నడుస్తూ చేతికందిన గడ్డి పీకి గంటలో దోపి ఉంటాడు. రోమన్ చరిత్ర మీద ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మనిషి భయం నాకు అంత దగ్గరగా తెలియలేదు.

ఎముకల గుంతలు కూడా దొరికాయి, ఎనిమిది. మనుషుల ఎముకలు, కంచర గాడిదల ఎముకలు కలగలిపి పూడ్చారు. పరీక్షించి చూస్తే, ఆ ఎముకలు పూడ్చకముందు కొన్నేళ్లు ఆరుబయట పడి ఉన్నాయని తేలింది. ఇది టాసిటస్ రాసినదానికి సరిగ్గా సరిపోతుంది. యుద్ధం జరిగిన ఆరేళ్లకు, క్రీ.శ. 15లో, జర్మానికస్ అనే సేనాని అక్కడికి వచ్చాడట. పారిపోయినచోట చెల్లాచెదురుగా, నిలబడి పోరాడినచోట కుప్పలుగా తెల్లటి ఎముకలు పడున్నాయట, చెట్లకు పుర్రెలు కొట్టి ఉన్నాయట. తమవాడో పరాయివాడో తెలియకుండానే సైనికులు అన్నిటినీ పూడ్చారు.

మార్కస్ కేలియస్ అని 18వ లీజియన్‌లో ఒక అధికారి ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఆయన తమ్ముడో అన్నో, రైన్ ఒడ్డున క్సాంటెన్ దగ్గర ఆయన పేరు మీద ఒక రాయి పెట్టించాడు, ఇప్పుడది బాన్ నగరంలో మ్యూజియంలో ఉంది. వారుస్ యుద్ధంలో పోయాడు, ఎముకలు దొరికితే ఇక్కడ పెట్టవచ్చు అని దాని మీద చెక్కి ఉంది. ఎముకలు రాలేదు. ఆ గుంతల్లో ఏవి ఆయనవో ఎవరూ చెప్పలేరు.

ఇక మ్యూజియం. 2002లో భవనం తెరిచారు. జ్యూరిక్‌కి చెందిన అనెట్ గిగన్, మైక్ గయర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు కట్టారు. దూరం నుంచి చూస్తే తుప్పు రంగు ఉక్కు పలకలతో ఒక పెద్ద పెట్టె, దాని పక్కన సుమారు 40 మీటర్ల టవర్. ఆ ఉక్కు పైపైన తుప్పు పట్టి, ఆ తుప్పే లోపలి ఉక్కును కాపాడుతుంది. టవర్ పైకి ఎక్కితే మొత్తం భౌగోళికం అర్థమవుతుంది. దక్షిణాన అడవి కొండ, ఉత్తరాన ఒకప్పుడు మనిషి దిగబడిపోయే ఊబి నేల, మధ్యలో నడవడానికి వీలైన సన్నటి పట్టీ. ఒక్క చూపులో, అయ్యో, ఇందులోకి ఎలా వచ్చార్రా అనిపిస్తుంది. ఏ గ్రాఫిక్స్ అక్కర్లేదు.

బయట పొలంలో రోమన్లు నడిచిన దారిని ఇనప పలకలు పరిచి చూపించారు. మట్టి కట్ట ఉన్న వరుసలో ఇనప కడ్డీలు నాటారు. ఒకచోట మాత్రం పైన పేరుకున్న మట్టంతా తీసేసి, రెండు వేల ఏళ్ల కిందటి అసలు నేల మట్టం ఎక్కడ ఉండేదో అక్కడిదాకా దింపారు, చుట్టూ ఉక్కు గోడ పెట్టారు. అందులోకి దిగితే పక్క పొలం మీ నడుం పైదాకా వస్తుంది. పొలంలో చిన్న చిన్న గదులు మూడు ఉన్నాయి, ఒకటి చూడటానికి, ఒకటి వినడానికి, ఒకటి ప్రశ్నించడానికి. చూసే గదిలో బయటి పొలం తలకిందులుగా కనిపిస్తుంది. వినే గదిలో బయటి చప్పుళ్లు గొట్టం గుండా చెవిలో పడతాయి. మూడో గదిలో సన్నటి సందుల్లోంచి చూస్తే టీవీ వార్తలు, ఈరోజు ఎక్కడో జరుగుతున్న యుద్ధాల వార్తలు. కత్తులు దూస్తున్న బొమ్మలు, రక్తం రంగు లైట్లు, అరుపుల సౌండ్ ఎఫెక్ట్స్ ఆ పొలంలో పెట్టలేదు. నాకు చాలా గౌరవం కలిగింది. చచ్చిపోయినవాళ్ల మీద తమాషా చెయ్యకూడదన్న జ్ఞానం అది.

ఇంకో గొప్ప సంగతి, వాళ్లు అనుమానాల్ని దాచరు. ఆ మట్టి కట్ట జర్మన్లు దాక్కుని దాడి చెయ్యడానికి కట్టుకున్నదని మొదట అనుకున్నారు, తర్వాత కాదు, రోమన్లే శిబిరం చుట్టూ వేసుకున్న కట్ట అయ్యుండొచ్చన్న వాదన వచ్చింది. అసలు ఇది వారుస్ యుద్ధం కాదు, జర్మానికస్ దండయాత్రలో జరిగిన ఇంకో పోరాటం అన్నవాళ్లూ ఉన్నారు. నాణేలు మాత్రం క్రీ.శ. 9 దగ్గర ఆగిపోతాయి, ఆ తర్వాత ముద్రించినవి లేవు, కొన్ని రాగి నాణేల మీద వారుస్ పేరు పొడి అక్షరాలు కొట్టి ఉన్నాయి. 2018లో ఒక సైనికుడి పలకల కవచం దాదాపు మొత్తంగా దొరికింది, ఆ రకం కవచాల్లో ఇంత పాతది, ఇంత పూర్తిగా ఉన్నది ఇంకోటి లేదు. మట్టి గడ్డతో సహా పెకలించి సీటీ స్కాన్ చేశారు. దానితో పాటు మెడా చేతులూ కలిపి బిగించే ఇనప సంకెల ఉంది, బందీగా దొరికిపోయినవాడన్నమాట. 2022లో ఇంకో పరిశోధన బయటికొచ్చింది, అక్కడి ఇత్తడి ముక్కల్లో అతి సూక్ష్మంగా ఉండే లోహాలు కొలిచి, 19వ లీజియన్ అంతకుముందు మకాం ఉన్న చోట దొరికిన ఇత్తడితో పోల్చారు. రెండూ కలిశాయి. వారుస్‌తో పోయిన లీజియన్లలో 19 ఒకటి కదా. సరిగ్గా ఇలా, ఒక్కొక్క ముక్కతో వాదన ముందుకు జరుగుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది జర్మనీలోనే డెట్‌మోల్డ్ అనే ఊరి దగ్గర ఉంది. అర్మీనియస్‌కి పెద్ద విగ్రహం, చేతిలో పైకెత్తిన కత్తి. ఎర్న్‌స్ట్ ఫాన్ బాండెల్ అనే శిల్పి 1838లో పని మొదలుపెడితే 1875లో పూర్తయింది. జర్మనీ ఒకే దేశంగా ఏర్పడిన కొత్త రోజులు, ఫ్రాన్స్ మీద గెలిచిన ఉత్సాహం, అదంతా ఆ కత్తిలో ఉంది. యుద్ధం అక్కడ జరిగిందన్న ఆధారం మాత్రం లేదు. విగ్రహం పెట్టడానికి నమ్మకం చాలు. మనకీ ఇది కొత్త కాదు, ఎవరి గురించి గుర్తు చేసుకోవాలన్నా ముందు సెంటర్లో విగ్రహం, దాని చుట్టూ రైలింగు. నాకు విగ్రహాల మీద కోపం లేదు. కానీ విగ్రహం పెట్టేశాక ఇక పని అయిపోయిందనుకుంటాం చూడండి, దాంతోనే నాకు బాధ.

ఇక మన దగ్గరికి వద్దాం.

అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, చెన్నైలో ఉన్నాయి, కొన్ని మన దగ్గరే ఉన్నాయి. ఎక్కడున్నా అవి అందంగానే ఉంటాయి, చూసినవాడు ఆగి చూస్తాడు. వాటిని తీసుకెళ్లడం అన్యాయమే, అయినా శిల్పం తన అందం తాను మోసుకెళ్తుంది. యుద్ధభూమిలో దొరికిన చెప్పు మేకు అలా కాదు. దాన్ని లండన్ తీసుకెళ్తే తుప్పు ముక్క. అదే మేకు ఏ మీటరు దగ్గర, ఏ లోతులో, పక్కన ఏమేం ఉండగా దొరికిందో రాసి ఉంటే, సైన్యం ఏ దిక్కుకి పరిగెత్తిందో అది చెప్తుంది. అందుకే యుద్ధభూమి మ్యూజియం ఆ నేల మీదే ఉండాలి, నేలను ముట్టుకోకముందే లెక్క రాసుకోవాలి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు చేసి, డ్యామ్ నీళ్లు రాకముందే దొరికినంత పైకి తీసుకొచ్చారు. అక్కడ మ్యూజియంకి వెళ్తే ఇక్ష్వాకుల నాటి స్మారక స్తంభాలు చూడండి, చనిపోయిన సైనికుల, సేనానుల జ్ఞాపకార్థం నిలిపినవి ఉన్నాయి. యుద్ధంలో పోయినవాళ్లకు రాయి నిలపడం మన కృష్ణా ఒడ్డున వెయ్యిన్నర ఏళ్ల పైమాట. ఆ లోయ ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

కారెంపూడి నీళ్ల కిందకు పోలేదు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం చివర, 1180 ప్రాంతంలో జరిగిందంటారు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు, ఇటు నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు, కోడిపందెం, వనవాసం, బాలచంద్రుడు, నేను చెప్పక్కర్లేదు. నాగులేటి ఒడ్డున పోరు జరిగింది. ఆ ఒడ్డున వీరుల గుడి ఉంది, వీరుల పేర లింగాలు ఉన్నాయి. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలుగా చెప్పే కొణతాలు పట్టుకుని ఆచారవంతులు ఊళ్లూళ్ల నుంచి వస్తారు. అందరూ కలిసి కూర్చుని తినే చాపకూడు ఇప్పటికీ ఉంది. వీరవిద్యావంతులు కథ పాడతారు. కులం పేరుతో పక్కన కూర్చోనివ్వని కాలంలో బ్రహ్మనాయుడు ఒకే చాప మీద అన్నం పెట్టాడని చెప్పే కథను, ఆ అన్నంతో సహా ఎనిమిది వందల ఏళ్లు నిలబెట్టారంటే, ఇది ఏ ప్రభుత్వమూ చేసిన పని కాదు. పాడినవాళ్లు, నడిచినవాళ్లు చేశారు.

కాల్‌క్రీజ వాళ్లకు ఇది లేదు. వాళ్ల పొలం పక్కన పుట్టి పెరిగిన రైతుకి కూడా అక్కడ యుద్ధం జరిగిందని తెలియదు, పాట లేదు, గుడి లేదు, ఒక్క పేరు కూడా మిగల్లేదు. సీసం ముక్కలు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయి స్థలం తెలుసుకున్నారు. మనకు స్థలం తెలుసు, పేర్లు తెలుసు, ఎవరు ఎక్కడ పడ్డారో కథలో ఉంది. మనం చెయ్యాల్సింది ఆ నేలను అడగడం. మ్యాపు మీద గళ్లు గీసి, పురావస్తు శాఖ ఆధ్వర్యంలో, డిటెక్టర్లతో ఒక్కో గడీ నడిచి, దొరికిన ప్రతి మేకూ బాణం ములుకూ ఎక్కడిదో జీపీఎస్‌తో రాసుకోవాలి. తవ్వకం తర్వాత సంగతి. ఈ పని కట్టడాలకంటే ముందు జరగాలి. పార్కు, ఫౌంటెన్, సిమెంటు దారి వేసి, ఆ తర్వాత చరిత్ర వెతుకుదామంటే ఏం మిగలదు.

మన నేలకు మన చిక్కులు ఉన్నాయి. నల్లరేగడి ఎండాకాలంలో బెత్తెడు వెడల్పు నెర్రెలిస్తుంది, పైనున్న చిన్న వస్తువు ఆ నెర్రెలో కిందకి జారిపోతుంది, వాన పడగానే మూసుకుంటుంది. కాబట్టి లోతుగా దొరికింది కదా అని పాతదనుకోవడానికి లేదు. ఇంకోవైపు పల్నాడంతా సున్నపురాయి, నాపరాయి నేల, సున్నం ఉన్న నేలలో ఎముక నిలవడానికి అవకాశం ఎక్కువ. కాల్‌క్రీజ మట్టిలో ఆమ్లం ఎక్కువ, అక్కడ ఎముకలు చాలావరకు కరిగిపోయాయి. ఇవన్నీ తెలిసినవాళ్లు పక్కన ఉండి చెయ్యాల్సిన పని ఇది.

అన్నిటికంటే పెద్ద శత్రువు గుప్తనిధుల పిచ్చి. అర్ధరాత్రి గుడి వెనక గునపాలు వేసేవాళ్లు ఒక్క రాత్రిలో ఎనిమిది శతాబ్దాల్ని పాడు చేస్తారు. వాళ్లకు బంగారం దొరకదు, మనకు ఆధారం మిగలదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువున్న నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజెయ్యాలి. ఈ మాట ప్రతి ఊళ్లో చెప్పాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

(వీరుల ఆయుధాలు మ్యూజియంలో పెట్టాలంటారా అని ఒకరు అడిగారు.)

వద్దండీ. అవి పూజలో ఉన్నవి, ఆ కుటుంబాల చేతుల్లో ఉన్నవి. వాటిని గాజు పెట్టెలో పెడితే ఉత్సవం తెగిపోతుంది. వాళ్లు ఒప్పుకుంటే వాటి పొడవు, బరువు, లోహం నమోదు చేసుకోవచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. మ్యూజియం కట్టినా ఆ అయిదు రోజులూ మ్యూజియం మూసి అందరూ గుడి దగ్గరే ఉండాలి. పాడేవాళ్ల గొంతులు రికార్డు చేసి వినిపించే గది ఒకటి ఉండాలి, వాళ్లకు జీతం ఇచ్చి.

(మా పొలంలో ఏదో దొరికిందని చెప్తే పొలం లాక్కుంటారేమోనని రైతులకు భయం ఉంటుంది కదా అని వెనక నుంచి ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారు బాబాయ్. ఆ భయం వల్లే చాలా వస్తువులు పాత ఇనుము కొనేవాడి బండెక్కిపోతున్నాయి. దొరికిందని చెప్పినంత మాత్రాన పొలం పోదు. ఒక స్థలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాలంటే ముందు నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పుకోడానికి గడువు ఉంటుంది. కేంద్రం రక్షణ కిందికి వస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు కట్టనివ్వరు, దాని అవతల ఇంకో 200 మీటర్లు అనుమతి తీసుకోవాలి, ఈ ఇబ్బంది నిజం, దాచను. పైరు వేసుకోవడం వేరు, ఇల్లు కట్టుకోవడం వేరు. కాల్‌క్రీజ చుట్టూ ఈనాటికీ వ్యవసాయం నడుస్తోంది. ఇక్కడ కూడా మొదట రైతుతో కూర్చుని మాట్లాడాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారో చదివి వినిపించాలి, పైరు కోసి చేను ఖాళీగా ఉన్న నెలల్లోనే సర్వే పెట్టుకోవాలి. ఈలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. దున్నేటప్పుడు ఇనప ముక్క తగిలితే కడగొద్దు, రుద్దొద్దు, అక్కడే ఉంచి ఫోన్‌తో ఫొటో తీయండి, పక్కన కొలతకి ఒక రూపాయి బిళ్ల పెట్టి. సర్వే నంబరు, తేదీ రాయండి, ఏ గట్టుకు ఎన్ని అడుగుల్లో ఉందో కూడా రాయండి. పురావస్తు శాఖకు ఒక ఉత్తరం, ఎమ్మార్వో ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఉత్తరం ఎలా రాయాలో నమూనా తెచ్చాను, ఆ బల్ల మీద ఉన్నాయి, కారెంపూడి, గురజాల, మాచర్ల వైపు నుంచి వచ్చినవాళ్లు తలా కొన్ని పట్టుకెళ్లండి.